కానుక సంచి నలుగురి ముందు విప్పండి

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట. ఆరాధన ముగిసింది. జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇప్పుడు కానుక సంచి ఎవరి చేతిలో ఉంది? ఎక్కడ విప్పుతున్నారు? లెక్క ఎవరు రాస్తున్నారు? ఏ సంఘానికి వెళ్లినా నా మనసు ముందుగా ఈ మూడింటి మీదికే పోతుంది.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఊళ్లు మన కళ్లముందే మారిపోయాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ కంపెనీలు వెలిశాయి. 2016లో కొత్త జిల్లా ఏర్పడింది, అంతాయిపల్లిలో కలెక్టరేట్ లేచింది. బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లతో పాటు సంఘాలూ పెరిగాయి. ఒకటి అద్దె హాల్లో, ఒకటి రేకుల షెడ్డులో, ఇంకొకటి డాబా మీద. పాతిక మందితో మొదలైన గృహ కూడిక రెండు వందలు దాటేసరికి పాస్టర్ గారికి ఊపిరి సలపదు. వాక్యం ఆయనే చెప్పాలి, ఆస్పత్రిలో ప్రార్థనకు ఆయనే వెళ్లాలి, కరెంటు బిల్లు, మైకు రిపేరు, హాలు ఓనరుతో మాటలు కూడా ఆయనవే. ప్రసంగం ఎలా చేయాలో నేర్పినవాళ్లు ఉన్నారు. పద్దు ఎలా రాయాలో చాలామందికి ఎవరూ నేర్పలేదు.

‘దేవుని పనికి మేనేజ్‌మెంట్ ఎందుకండీ, ప్రార్థన చాలదా?’ అని అడిగే పెద్దలున్నారు. వాళ్ల భక్తి మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ మాట ఒప్పుకోను. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో కృపావరాల వరుసలో, స్వస్థతలతో పాటే పరిపాలన కూడా ఉంది. అక్కడ గ్రీకు మాట కుబెర్నేసిస్. ఓడ చుక్కాని పట్టి నడిపించే పని అని దాని అర్థం. ఓడలో వందమంది పాటలు పాడవచ్చు, చుక్కాని మాత్రం ఎవరో ఒకరు పట్టుకోవాలి.

మోషే కథ మీకు తెలిసిందే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగాదాలు తీరుస్తుంటే, మామ యిత్రో చూసి, ఇలా అయితే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని చెప్పాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలను పెట్టించాడు. మీ సంఘంలో రెండు వందల మంది ఉంటే పదిమందికి ఒకరు చొప్పున ఇరవైమంది కావాలి. ఒక కాగితం తీసుకుని ఆ ఇరవై పేర్లు రాయడానికి ప్రయత్నించండి. ఎనిమిదో పేరు దగ్గర కలం ఆగిందంటే మీరు ఇన్నాళ్లూ మనుషులను తయారు చేయలేదని అర్థం. ఈ నెల మీ మొదటి పని అదే.

అయితే పనిని పంచడం కంటే, ఎవరికి పంచామన్నదే అసలు సంగతి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం నిదానంగా చదవండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు కోప్పడలేదు, సణిగినవాళ్లకు విశ్వాసం తక్కువని అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే! బాధ పడ్డ వర్గం వాళ్ల చేతికే గరిటె ఇచ్చినట్టయింది. ఇది ఎంత పెద్ద తెలివో ఆలోచించండి. మన దగ్గర ఊరి పాత కుటుంబాలుంటాయి, కోస్తా నుంచి వచ్చినవాళ్లుంటారు, ఒడిశా నుంచి పనికొచ్చిన కుర్రాళ్లుంటారు. క్రిస్మస్ ప్రేమవిందులో చివరి బంతికి కూర మిగల్లేదని ఎవరు బాధపడ్డారో, వచ్చే ఏడు వంట కమిటీ వాళ్లకే అప్పగించండి.

నేర్పే గురువు కోసం దూరం వెళ్లనక్కరలేదు. మీ వెనక బెంచీలోనే ఉంటాడు. మందుల కంపెనీలో షిఫ్టు చేసే తమ్ముణ్ని అడగండి, అక్కడ రాయనిది చేయనట్టే లెక్క. తీసిన సరుకు, చూసిన సమయం, చేసిన మనిషి సంతకం, అన్నీ కాగితం మీద ఉండాలి. ఆ క్రమశిక్షణను ఆదివారం మందిరంలోకి తెమ్మనండి. ట్యాలీ నేర్చుకున్న చెల్లెలు ఉంటే ఖాతా పుస్తకం ఆమెకివ్వండి. స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం పోగుచేసి, అమ్మి, పైసతో సహా లెక్క చెప్పే పెద్దమ్మను కమిటీలో కూర్చోబెట్టండి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఊళ్లకు ఉపదేశకులను తయారుచేసినప్పుడు వాళ్ల భార్యలకూ శిక్షణ ఇప్పించారు. మన సంఘాల్లో సగం పరిపాలన నిజానికి పాస్టర్ గారి భార్య, అమ్మగారే చేస్తున్నారు. ఆ పనికి ఒక పేరు, ఒక బాధ్యత ఇవ్వడం న్యాయం.

డబ్బు దగ్గరికి వద్దాం. వయసులో ఉన్నప్పుడు నేనొక చిన్న సంఘంలో లెక్కలు చూశాను. మందిరం కట్టడానికి ఎవరో సిమెంటు బస్తాలు ఇచ్చారు, ఎవరో ఇనుము ఇచ్చారు. నమ్మకం మీద తీసుకున్నాం, రసీదు రాయలేదు. ఎవరూ ఒక్క రూపాయి తినలేదు. అయినా ఏడాది తిరక్కుండా రెండు కుటుంబాలు మాటలు పడి సంఘం విడిచి వెళ్లిపోయాయి. వాళ్లకు చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను పౌలు అంతటివాడే ఒంటరిగా మోసుకెళ్లలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకున్నాడు.

చట్టం కూడా తెలియాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు మందిరానికని డాలర్లు పంపితే పాస్టర్ గారి సొంత ఖాతాలో వేసుకోకూడదు. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి, అందులో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. పెళ్లిళ్లు చేసే స్వతంత్ర సంఘాల పాస్టర్లు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి, రిజిస్టరు రాయాలి. రేపు ఆ అమ్మాయికి వీసా కోసమో, ఆస్తి హక్కు కోసమో ఆ పేజీయే ఆధారం.

మేడ్చల్ దాటి తూప్రాన్ మీదుగా మెదక్ వెళ్లినప్పుడు అక్కడి చర్చి చూడండి. కరువులో ఆకలితో అలమటించే జనానికి పని ఇచ్చి తిండి పెట్టాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో ఆ నిర్మాణం మొదలుపెట్టారు. పదేళ్లు సాగింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ గోపురాన్ని అందరూ తలెత్తి చూస్తారు. నేను కిందనున్న రాళ్లను చూస్తాను. కూలీల హాజరు, పంచిన తిండి, వచ్చిన రాయి ఎవరో రోజూ లెక్క చూసుకోకుండా పదేళ్లపాటు అంత పని సాగదు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లు చేసింది పరిచర్యే.

వచ్చే ఆదివారం ఆరాధన కాగానే ఒక బల్ల వేయించండి. వేర్వేరు ఇళ్ల నుంచి ఇద్దరిని పిలవండి. సంచి అక్కడే విప్పి, లెక్కపెట్టి, తేదీ వేసి, ఇద్దరి చేత సంతకం పెట్టించండి. ఆ మొత్తాన్ని నోటీసు బోర్డు మీద రాయండి. సోమవారం బ్యాంకులో కట్టేయండి.