చెట్ల కొమ్మల ఎత్తున నడక: ఘనా యాత్రికుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఘనా రాజధాని అక్రాలో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. మాల్స్ కాకుండా ఆరుబయట తిరిగి చూడదగ్గవి ఏమున్నాయి? మావారికి అరవై దాటాయి.
- ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు అక్రా దాటాలి. పడమరగా సుమారు 150 కిలోమీటర్లు వెళ్తే కేప్ కోస్ట్, అక్కడికి ఉత్తరాన మరో 30 కిలోమీటర్లలో కాకుమ్ జాతీయ వనం. 1995లో ఇక్కడ మహావృక్షాల మధ్య ఏడు వేలాడే వంతెనలు కట్టారు. మొత్తం పొడవు 350 మీటర్లు. కొన్నిచోట్ల నేల 40 మీటర్ల కింద ఉంటుంది. కాళ్ల కింద ఒక్క మనిషి పట్టేంత సన్నటి చెక్క, రెండు పక్కలా తాళ్ల వల. ముందువాళ్లు అడుగేస్తే వెనకవాళ్ల కాళ్ల కింద చెక్క ఊగుతుంది. వంతెనకూ వంతెనకూ మధ్య చెట్టు మాను చుట్టూ కట్టిన మంచె ఉంటుంది. అక్కడ కాసేపు నిలబడి, కింద పరుచుకున్న కొమ్మల్ని తీరిగ్గా చూడొచ్చు.

వంతెనల దాకా ఎక్కుడు దారి. మోకాళ్ల నొప్పులుంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఏనుగులు కనిపిస్తాయని మాత్రం ఆశపడొద్దు. జనం అలికిడికి అవి లోతట్టు అడవి వదిలి రావు. పక్షులు, సీతాకోకచిలుకల కోసమైనా పొద్దున్నే, గుంపులు రాకముందే చేరుకోవాలి.

కేప్ కోస్ట్ కోటకు విడిగా ఓ పూట కేటాయించండి. దాన్ని వినోదాల జాబితాలో కలపకూడదు. బానిసలుగా అమ్మేందుకు పట్టుకొచ్చిన ఆఫ్రికన్లను ఓడలెక్కించేముందు బంధించిన నేలమాళిగలు అందులో ఉన్నాయి. గైడు చెప్పేది నింపాదిగా వినాలి, అక్కడ సెల్ఫీలు వద్దు. దగ్గర్లోని ఎల్మినా కోట ఇంకా పాతది. పోర్చుగీసువారు 1482లో కట్టడం మొదలుపెట్టారు.

ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు బలమైనవి. ఈత వచ్చినా, స్థానికులు దిగని చోట దిగొద్దు.

ప్రశ్న: మరి ఏనుగుల్ని ఎక్కడ చూడాలి?
- ఓ కాలేజీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఉత్తరాన ఉన్న మోలే జాతీయ వనంలో. 4,840 చదరపు కిలోమీటర్లతో ఘనాలో అన్నిటికన్నా పెద్దది. తుపాకీ పట్టిన రేంజరు వెంట ఇక్కడ కాలినడకనే సఫారీ చేయొచ్చు. జీపు అద్దం అడ్డు లేకుండా ఏనుగును చూసే అవకాశం అన్నిచోట్లా దొరకదు. వానల్లేని కాలంలో నీళ్ల కోసం అవి గుంటల దగ్గరికి వస్తాయి కాబట్టి జనవరి నుంచి మార్చి వరకు అనువైన సమయం. అక్రా నుంచి తమలే నగరం దాకా విమానంలో వెళ్లి, అక్కడినుంచి రోడ్డు పట్టడం మేలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సహారా దుమ్ముతో హర్మట్టాన్ గాలి వీస్తుంది. ఆకాశం మసకబారుతుంది, పెదాలు పగులుతాయి. వాజలీన్ సంచిలో ఉండాలి.

ప్రశ్న: శాకాహారులకు తిండి దొరుకుతుందా? టీకాలేమైనా వేయించుకోవాలా?
- ఓ రిటైర్డు ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: దొరుకుతుంది, అడిగి తినాలి. బొబ్బర్ల కూరతో వేయించిన పండు అరటి ముక్కలు ఇచ్చే 'రెడ్ రెడ్', అన్నంలో బొబ్బర్లు కలిపి వండే 'వాచే' అక్కడ రోజువారీ తిండి. అయితే కూరలో చేప వేస్తుంటారు. వాచేతో ఇచ్చే 'షిటో' అనే నల్లటి కారంలోనూ ఎండు చేపలు, రొయ్యలు ఉంటాయి. సాయంత్రాలు రోడ్డు పక్కన అల్లం, మిరప పట్టించి వేయించే అరటి ముక్కలు 'కెలెవెలె' వేడివేడిగా తినాల్సిందే.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. తిరుగు ప్రయాణంలో అది లేకపోతే భారత విమానాశ్రయంలో క్వారంటైన్ చేసే వీలుంది. మలేరియా మాత్రల గురించి బయల్దేరే ముందే డాక్టరును అడగండి.