పేరు మారినా పాత దారి మూయొద్దు

మా అమ్మ ఇంట్లో ఊరగాయలు పెట్టి అమ్ముతుంది. అక్క వాటికో వెబ్‌సైట్ పెట్టి, డొమైన్ పేరులో 'ఊరగాయ' అన్న మాట చేర్చింది. ఆ మాటను ఇంగ్లీషులో ఒకరు 'యు'తో మొదలుపెడితే, ఇంకొకరు రెండు 'ఓ'లతో రాస్తారు. ఫోన్‌లో చెబితే ఎవరికీ సరిగ్గా దొరికేది కాదు. '.భారత్' అని తెలుగు లిపిలోనే పేరు తీసుకోవచ్చు. కానీ ఇక్కడ కొనేవాళ్లలో తమిళులే ఎక్కువ. అందుకే వినగానే తప్పు లేకుండా టైపు చేయగల చిన్న పేరు మేలు.

అక్క అలాగే పేరు మార్చింది, కానీ పాతదాన్ని రెన్యూ చేయలేదు. గూగుల్‌లో పాత లింకే వచ్చేది, నొక్కితే తెరుచుకునేది కాదు. ఆ దసరాకి ఆర్డర్లు బాగా తగ్గాయి. "రుచి తగ్గిందేమోనే" అని అమ్మ దిగులుపడింది.

చేయాల్సింది 301 రీడైరెక్ట్. 'శాశ్వతంగా మారాం' అని అది సెర్చ్ ఇంజిన్‌కి చెబుతుంది. 302 అంటే తాత్కాలికమే. పాత ఆవకాయ పేజీ కొత్త ఆవకాయ పేజీకే వెళ్లాలి, అన్నిటినీ హోమ్ పేజీకి తోసేయకూడదు. కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా. ట్విట్టర్ 2024 మేలో ఎక్స్.కామ్‌కి మారినప్పుడు కూడా పాత లింకులు నొక్కినవాళ్లు కొత్తచోటికే చేరారు.

అదృష్టం కొద్దీ మా పాత పేరును ఇంకెవరూ కొనలేదు. మళ్లీ తీసుకుని 301 పెట్టాం. అమ్మకి చెప్పాను: "రుచి తగ్గలేదమ్మా, దారే మూసుకుపోయింది."