తులసీదాసు బలరాము

సికిందరాబాదు చెంత అమ్ముగూడ యను గ్రామము కలదు. అచ్చట 1936వ సంవత్సరమున నొక పేదయింట తులసీదాసు బలరాము జన్మించెను. ఈతని ఫుట్‌బాల్ ఆటను జూచి హైదరాబాదు శిక్షకులగు సయ్యదు అబ్దుల్ రహీముగారు సాధనకు రమ్మనిరి. రాఁబోవుటకు డబ్బులేదని బాలుఁడు చెప్పఁగా, ఉపాధ్యాయులుగాఁ బనిచేసిన యా మహనీయులు సైకిలు అద్దె తామే యిచ్చి రప్పించిరి.

1956వ సంవత్సరమున బలరాము మెల్బోరను ఒలింపిక్ జట్టునఁ జేరెను. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోలులతో గెలిచెను. పిమ్మట బాల్కను దేశములగు యుగోస్లావియాచేత 1-4, బల్గేరియాచేత 0-3 గోలులతో నోడి నాలుగవ స్థానము నొందెను. 1960లో రోము నగరమున హంగేరీపైని, పెరూపైని మనకు లభించిన గోలులు రెండును బలరాము చేసినవే. ఆటలు మాత్రము మనవి కాకపోయెను.

1957 మొదలు కలకత్తాలో ఈస్టు బెంగాలు పక్షమున నాడి, 1961లో దానికి నాయకుఁడయ్యెను. 1962లో జకార్తాయందు దక్షిణ కొరియాను 2-1 గోలులతో గెలిచి స్వర్ణపతకము నొందిన జట్టులో నీతఁడుండెను. ఆ యేఁటనే అర్జున పురస్కారము లభించెను. మఱుసటి యేఁడే ఊపిరితిత్తుల వ్యాధిచే ఆట మానవలసివచ్చెను. తరువాత దాదా పరువదియేండ్లు జీవించి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించెను.

బోగోలు బాలురారా! దేహబలము కొన్నాళ్లకే. కాని గురువుగా రిచ్చిన సైకిలు అద్దె మాత్రము నేఁటికిని ఫలించుచున్నది.