ఎదుటి కంపెనీ లెక్క తెలిస్తేనే ప్రతిపాదన

నాయుడుపేటలో డిగ్రీయో ఎంబీఏయో ముగించిన పిల్లలు ఉద్యోగం అనగానే చెన్నై బస్సు ఎక్కుతారు, లేదంటే హైదరాబాద్‌లో హాస్టల్ చూసుకుంటారు. పోవద్దని నేను చెప్పను. పోయే ముందు మన ఊరి చుట్టూ ఏం జరుగుతోందో ఒకసారి చూడమంటాను. కోల్‌కతా, చెన్నైలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి మన ఊరి పక్కనే పోతుంది. శ్రీకాళహస్తి, రేణిగుంటల మీదుగా తిరుపతి దారి ఇక్కడే చీలుతుంది. గూడూరు, చెన్నై రైలు మార్గంలో మనకు స్టేషన్ ఉంది. మేనకూరు దగ్గర ఏపీఐఐసీ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఉంది. దక్షిణాన తడ, సత్యవేడు మధ్య శ్రీసిటీ పారిశ్రామికవాడ, పడమట కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల కంపెనీ. 2022 ఏప్రిల్‌లో మన ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాక ఈ మూడూ ఒకే జిల్లాలోకి వచ్చాయి.

పెద్ద ఫ్యాక్టరీకి రోజూ అట్టపెట్టెలు కావాలి, బాడుగ లారీలు కావాలి, క్యాంటీన్‌కు కూరగాయలు, కార్మికులకు యూనిఫాంలు, మోటార్లు కాలిపోతే వైండింగ్ చేసేవాళ్లు కావాలి. ఇవన్నీ చేసే చిన్న వ్యాపారులు మన ఊళ్లోనూ, గూడూరు, సూళ్లూరుపేటల్లోనూ ఉన్నారు. పని తెలిసినవాళ్లు, మాట మీద నిలబడేవాళ్లు. కానీ ఫ్యాక్టరీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్ టేబుల్ మీద పెట్టడానికి వాళ్ల చేతిలో ఉండేది ఒక విజిటింగ్ కార్డు, ఒక రేట్ల కాగితం. ఈ ఇద్దరినీ కలిపే కాగితం రాయగలిగే మనిషికి ఇక్కడే బతుకు ఉందని నా గట్టి నమ్మకం. ఆ కాగితమే పార్ట్‌నర్‌షిప్ ప్రపోజల్. కంపెనీల్లో ఈ పని చేసేవాళ్లను బిజినెస్ డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్ అంటారు. అవతలి వైపు కూర్చుని ఇలాంటి కాగితాలు చదివి మంచి సప్లయర్లను వెతికే పనిని వెండర్ డెవలప్‌మెంట్ అంటారు. రెండు ఉద్యోగాలకూ కావలసిన నేర్పు ఒక్కటే: ఎదుటివాళ్ల వ్యాపారం ఎక్కడ నొప్పెడుతోందో, ఎక్కడ డబ్బు కారిపోతోందో కనిపెట్టడం.

మన జిల్లాలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గల్లా రామచంద్రనాయుడు 1985లో అమరరాజా బ్యాటరీస్ స్థాపించారు. మొదట్లో టెలికాం, రైల్వేల వంటి అవసరాలకు పనికొచ్చే సీల్డ్ బ్యాటరీలు చేశారు. వాహనాల బ్యాటరీల్లోకి దిగాలనుకున్నప్పుడు 1997లో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో చేయి కలిపారు. అమెరికాలో చదివి, అక్కడ జీఎన్‌బీ అనే బ్యాటరీ కంపెనీలో పనిచేసి వచ్చిన గల్లా జయదేవ్ ఈ పొత్తు కుదరడంలో ముఖ్యులు. రెండు పక్షాలకూ చెరి 26 శాతం వాటా. 2000లో అమరాన్ బ్యాటరీ మార్కెట్‌లోకి వచ్చింది.

ఆ కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. చెన్నై చుట్టూ ఫోర్డ్, హ్యుందాయ్ ప్లాంట్లు లేస్తున్నాయి. జాన్సన్ కంట్రోల్స్ దగ్గర కారు బ్యాటరీల టెక్నాలజీ ఉంది, ప్రపంచ కార్ల కంపెనీలతో పరిచయం ఉంది. కానీ ఇక్కడ ఫ్యాక్టరీ కట్టి, మనుషుల్ని తయారుచేసి, దేశమంతా సరుకు అమ్మే బలగం దానికి లేదు. అమరరాజా దగ్గర నేల ఉంది, మనుషులు ఉన్నారు, ఈ మార్కెట్ మీద అవగాహన ఉంది. ఒకరి కొరత సరిగ్గా మరొకరి బలం. ‘మేం గొప్పవాళ్లం’ అని చెప్పుకుంటే ఇలాంటి పొత్తు కుదరదు. ‘మీకు లేనిది మా దగ్గర ఉంది, మాకు లేనిది మీ దగ్గర ఉంది, ఇద్దరికీ ఇంత మిగులుతుంది’ అని చూపించగలిగినప్పుడే కుదురుతుంది. పొత్తు ఎంత పెద్దదైనా, మేనకూరు గేటు ముందు ఆగే టెంపో సరుకు అంత చిన్నదైనా సూత్రం ఇదే.

అమరరాజా కథలో రెండో సగం కూడా విద్యార్థులు చదవాలి. 2018 నవంబరులో జాన్సన్ కంట్రోల్స్ తన బ్యాటరీ వ్యాపారం మొత్తాన్ని బ్రూక్‌ఫీల్డ్ అనే పెట్టుబడి సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. 2019 ఏప్రిల్ 1న అమరరాజాతో వాటాదారుల ఒప్పందం ముగిసింది. ఇరవై ఏళ్లు దాటిన పొత్తు అది. విడిపోయాక కూడా అమరాన్ ఇక్కడే నిలిచింది, కంపెనీ 2023లో అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా పేరు మార్చుకుని లిథియం బ్యాటరీల వైపు నడుస్తోంది. అందుకే ప్రతిపాదన రాసేటప్పుడే, ఒకవేళ విడిపోతే ఎవరికి ఏం మిగులుతుందో ఒక పేరా రాయాలి. మొదట్లోనే విడిపోయే మాట ఎందుకని మన చిన్న వ్యాపారులు మొహమాటపడతారు. నిజానికి ఆ పేరా ఉన్న కాగితాన్నే పెద్ద కంపెనీ నమ్ముతుంది.

ఇక మన స్థాయికి వద్దాం. నాయుడుపేటలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. మేనకూరు వైపున్న ఒక ఫ్యాక్టరీ తన పెట్టెల్ని చెన్నై నుంచి తెప్పించుకుంటోంది. ఆ యూనిట్ తరఫున మీరు రాయాలి. చాలామంది ఇలా మొదలుపెడతారు:

“మా సంస్థ నాణ్యతకు మారుపేరు. అత్యాధునిక యంత్రాలు, అనుభవజ్ఞులైన సిబ్బంది మా సొంతం. మీ ప్రతిష్ఠాత్మక సంస్థతో కలిసి పనిచేసే అవకాశం ఇవ్వాలని మనవి.”

పర్చేజ్ మేనేజర్ ఇలాంటివి వారానికి ఎన్నో చూస్తాడు. ఇందులో ఆయన ఫ్యాక్టరీ ఎక్కడా లేదు. పెట్టెలు తీసేసి పెయింటు డబ్బాలు పెట్టినా ఉత్తరం మారదు. ఇప్పుడు దీన్ని చూడండి:

“మీ ప్యాకింగ్ లైన్‌కు పెట్టెలు చెన్నై నుంచి వస్తున్నాయి. లోడు నిండితేగాని లారీ కదలదు కాబట్టి మీరు పదిహేను రోజుల సరుకు స్టోర్స్‌లో ఉంచుకోవాల్సి వస్తోంది. మా యూనిట్ మీ గేటుకు పన్నెండు కిలోమీటర్లు. మూడు రోజుల సరుకు మా గోడౌన్‌లో సిద్ధంగా పెట్టి, రోజూ రెండుసార్లు మీ లైన్‌కు కావలసినంత దింపుతాం. మీ స్టోర్స్‌లో మూడు రోజుల సరుకు ఉంటే చాలు. మీ నుంచి అడిగేవి రెండే: నెల ముందు షెడ్యూలు, ముప్పై రోజుల్లో చెల్లింపు.”

రెండో ఉత్తరంలో పొగడ్త లేదు. ఆయన సమస్య ఉంది, మీరు మోసే బరువు ఉంది, ఆయన మోయాల్సింది ఉంది. ఇది రాయాలంటే ముందు తిరగాలి. పెట్టెల లారీ ఎన్ని రోజులకు ఒకసారి వస్తుంది, స్టోర్స్‌లో చోటు సరిపోతోందా, వానాకాలంలో పెట్టెలు మెత్తబడుతున్నాయా అని డ్రైవర్లను, స్టోర్స్ కుర్రాళ్లను అడగాలి. కార్తీకం ముసురుకు మన తీరం గాలిలో తేమ ఎక్కువ. తేమ పీల్చిన అట్టకు బలం తగ్గుతుంది, ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెల్లో కిందివి నలుగుతాయి. ఈ సంగతి చెన్నైలో ఏసీ గదిలో కూర్చుని కొటేషన్ పంపేవాడికంటే మీకు బాగా తెలుసు. దగ్గర ఉండటం వల్ల దొరికే అసలు బలం ఇలాంటి తెలివిడే.

తర్వాత లెక్క. ఇక్కడే ఎక్కువ ప్రతిపాదనలు కూలిపోతాయి. ఫ్యాక్టరీ నెలకు 40,000 పెట్టెలు వాడుతుందనీ, ఒక్కోటి 22 రూపాయలనీ అనుకుందాం. పదిహేను రోజుల సరుకంటే 20,000 పెట్టెలు, అంటే 4,40,000 రూపాయలు స్టోర్స్‌లో నిద్రపోతున్నాయి. మూడు రోజులకు తగ్గిస్తే 88,000 చాలు. 3,52,000 రూపాయలు విడుదలవుతాయి. వినడానికి బాగుంది. కానీ సాలీనా 12 శాతం వడ్డీ కట్టి చూడండి, నెలకు మిగిలేది దాదాపు 3,500 రూపాయలే. మీరు పెట్టె మీద 30 పైసలు ఎక్కువ అడుగుతున్నారనుకోండి, నెలకు 12,000 అవుతుంది. వడ్డీ ఆదా దానికి చాలదు. ఫైనాన్స్ మేనేజర్ రెండు నిమిషాల్లో ఈ లెక్క వేసి మీ కాగితాన్ని పక్కన పెడతాడు.

కాబట్టి ఆయనకంటే ముందు మీరే వేసుకోవాలి, ఇంకా ఎక్కడ డబ్బు పోతోందో వెతకాలి. ఎగుమతి ఆర్డర్లలో పెట్టె మీద ముద్రణ మారుతుంటుంది. కొత్త బార్‌కోడ్, కొత్త చిరునామా, బరువు వివరాల్లో మార్పు. ముద్రణ మారిన రోజున స్టోర్స్‌లో ఉన్న పాత పెట్టెలు తుక్కు కింద పోతాయి. ఏడాదికి ఒక్కసారి 8,000 పెట్టెలు అలా మిగిలిపోయినా 1,76,000 రూపాయల నష్టం, నెలకు పంచితే 14,600 పైచిలుకు. సరుకు తక్కువగా ఉంచుకుంటే ఇందులో చాలా భాగం మిగులుతుంది. దీనికి వడ్డీ ఆదా, నలిగిపోయే పెట్టెల ఖర్చు కలిపితే మీ 30 పైసలు గిట్టుబాటు అవుతాయి. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీరు రాసేటప్పుడు అవి ఆ ఫ్యాక్టరీ నుంచి రావాలి. తెలియనిచోట ‘ఇది మా అంచనా, మీ అసలు అంకె పెట్టి చూసుకోండి’ అని రాయండి. అంచనాను నిజమైన అంకెగా చూపించి దొరికిపోతే మీ యజమాని పరువు కూడా పోతుంది.

ఇక్కడే ఒక నిజాయితీ మాట కూడా రాయాలి. ముద్రణ మారిన రోజు మీ గోడౌన్‌లో ఉన్న మూడు రోజుల సరుకు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? వారం ముందు చెబితే మాది, చెప్పకపోతే మీది అని తేల్చి రాయండి. ఇలాంటి ఇబ్బంది ప్రశ్నకు ముందే జవాబు రాసిన ప్రతిపాదన మీద చర్చ సూటిగా నడుస్తుంది.

మొదటి పేజీ ఒక్కటే చదివినా విషయం తెలియాలి. మీరు ఇచ్చింది పర్చేజ్ మేనేజర్‌కే అయినా నిర్ణయం పైవాళ్లది. ప్రొడక్షన్ మేనేజర్‌కు లైన్ ఆగకపోవడం ముఖ్యం, ఫైనాన్స్‌కు చెల్లింపు గడువు, స్టోర్స్‌కు చోటు. మీ కాగితాన్ని వాళ్లందరికీ చూపించి వాదించాల్సింది ఆ పర్చేజ్ మేనేజర్. ఆయన చేతికి వాదన తయారుగా ఇవ్వాలి. ఈ ఫ్యాక్టరీల్లో తమిళులు, ఉత్తరాదివాళ్లు, విదేశీయులు ఉంటారు కాబట్టి చివరికి ఇంగ్లిష్‌లోనే ఇవ్వాల్సి వస్తుంది. అయినా మొదటి ప్రతి తెలుగులో రాసుకోండి. తెలుగులో ఆలోచన తేటపడితే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో అది చక్కగా దిగుతుంది. డొల్ల మాటలు తెలుగులో రాస్తే వెంటనే చెవికి తెలిసిపోతాయి.

చట్టం సంగతులు కొన్ని తెలిసుంటే మీ విలువ పెరుగుతుంది. లాభాలు పంచుకుంటామని రాసుకుంటే 1932 నాటి భాగస్వామ్య చట్టం పరిధిలోకి వెళ్లే ప్రమాదం ఉంది, అప్పుడు ఒకరి అప్పులకు మరొకరు బాధ్యులు కావచ్చు. సరఫరా పొత్తు అయితే ‘ఇది సరఫరా ఏర్పాటు మాత్రమే, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ కాదు’ అని ఒక వాక్యం చేర్చండి. మీ యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉంటే నంబరు మొదటి పేజీలోనే వేయండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి చెల్లింపు ఆపకూడదు. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. ఆదాయపు పన్ను చట్టంలోని ఒక నిబంధన వల్ల గడువులోగా కట్టని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేడు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. దీన్ని బెదిరింపుగా రాయకూడదు. ‘ముప్పై రోజుల చెల్లింపు మీ పన్ను లెక్కకూ అనుకూలం’ అంటే చాలు, ఫైనాన్స్ వాళ్లకు అర్థమవుతుంది. అవతలిది సెజ్ యూనిట్ అయితే దాని అధీకృత కార్యకలాపాలకు మీరిచ్చే సరుకు జీఎస్టీలో జీరో రేటెడ్, అంటే పన్ను పడదు. మీ యజమాని ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా పంపేందుకు ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేశారో లేదో ఆడిటర్‌ను అడిగి, ఆ మాట కూడా రాయండి. చెన్నై సప్లయర్‌కు ఇది ఎప్పటినుంచో తెలుసు. మన యూనిట్ తరఫున తెలియనట్టు రాస్తే కొత్తవాళ్లని తెలిసిపోతుంది.

మొత్తం పెట్టెలు మాకే ఇమ్మని అడగొద్దు. ఒకే సైజు, అరవై రోజులు, ట్రయల్‌గా అడగండి. దేన్ని బట్టి గెలుపోటములు తేల్చాలో ముందే రాయండి: ఎన్నిసార్లు ఆలస్యమైంది, నూటికి ఎన్ని పెట్టెలు తిరస్కరించారు, లైన్ ఎంతసేపు ఆగింది. నచ్చకపోతే ముప్పై రోజుల నోటీసుతో ఎవరైనా వదులుకోవచ్చు. పాత సప్లయర్‌ను పూర్తిగా వదులుకోవాల్సి వస్తుందన్న భయం లేనప్పుడే మేనేజర్ కొత్తవాళ్లకు తలుపు తీస్తాడు.

ఇదంతా ఎక్కడ నేర్చుకోవాలి? స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీల వార్షిక నివేదికలు వాళ్ల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. అమరరాజాది తెరిచి ముడిసరుకు ఖర్చు, నిల్వ సరుకు, రావలసిన బాకీలు ఉండే పేజీలు చూడండి. కామర్స్ విద్యార్థులకు ఇది సిలబస్‌లో ఉన్నదే. పరీక్ష కోసం చదివిన ఇన్వెంటరీ టర్నోవర్ నిష్పత్తి ఇక్కడ నిజమైన గోడౌన్‌గా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో సంప్రదింపులు, సప్లై చెయిన్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలకు డ్రాయింగు, నాణ్యత పరీక్షలు తెలుసు కాబట్టి వెండర్ డెవలప్‌మెంట్‌లో వాళ్లకు ముందడుగు ఉంటుంది.

తర్వాత మీ ఊళ్లో మీకు తెలిసిన ఒక వ్యాపారిని ఎంచుకోండి. బాబాయో, అన్నయ్య స్నేహితుడో, ఎవరో ఒకరు ఉంటారు. ‘అన్నా, మీకు ఏ ఫ్యాక్టరీ ఆర్డరు కావాలి?’ అని అడిగి, జీతం అడక్కుండా ఒక ప్రతిపాదన రాసి పెట్టండి. ఆర్డరు వస్తే మీకు ఎంత ఇవ్వాలో మాత్రం ముందే మాట్లాడుకోండి, మొహమాటం వద్దు. అంతకుముందు పనిచేసిన చోట తెలుసుకున్న రేట్లు, కస్టమర్ల వివరాలు ఇందులో వాడొద్దు. అది అక్రమం, పైగా ఈ చిన్న ప్రాంతంలో రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

ప్రతిపాదన ఇచ్చాక వారంలో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. ‘చూశారా సార్’ అని అడిగితే ‘చూస్తాం’ అంటారు. ‘ఏ లెక్క మీకు సరిపోలేదు సార్?’ అని అడగండి. రేటు ఎక్కువన్నారా, గోడౌన్ మీద నమ్మకం లేదన్నారా, మా హెడ్డాఫీసు ఒప్పుకోదన్నారా, రాసుకుని ఆ ఒక్క భాగం మార్చి మళ్లీ ఇవ్వండి. మొదటి ప్రతి, మారిన ప్రతి, వాళ్లు చెప్పిన అభ్యంతరం, ఈ మూడూ ఒక ఫైలులో దాచుకోండి. వ్యాపారి అనుమతి తీసుకుని, పేర్లూ రేట్లూ కొట్టేసి, శ్రీసిటీలోనో చెన్నైలోనో బిజినెస్ డెవలప్‌మెంట్ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ ఫైలు టేబుల్ మీద పెట్టండి. ఆర్డరు రాకపోయినా ఫరవాలేదు. అవతలివాళ్లు ఎందుకు కాదన్నారో, మీరు దేన్ని మార్చారో చెప్పగలిగితే ఆ ఇంటర్వ్యూ సగం అక్కడే అయిపోతుంది.