నేత్రపటలం పలికే సాక్ష్యం

తెలుగునాట నీటికాసులని పిలిచే గ్లాకోమా కంటివ్యాధులలో మిక్కిలి వంచన గలది. తరచుగా కనిపించే రకంలో నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. చూపు అంచుల నుండి క్రమంగా సన్నగిల్లుతుండగా, ఒక కంటి లోపాన్ని రెండవ కన్ను కప్పిపుచ్చుతుంది. పోయిన చూపును చికిత్స తిరిగి తేలేదు; మిగిలినదానిని కాపాడగలదు. 2000లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధి అధ్యయన ఫలితాల ప్రకారం, హైదరాబాదులో ఈ రకం గ్లాకోమా ఉన్నట్లు తేలినవారిలో నూటికి తొంబైమందికి పైగా అంతకుముందు ఆ సంగతి ఎరుగనివారే.

కంటిలోని నేత్రపటలం, అనగా రెటీనా, వెలుగును విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. వాటిని మెదడుకు చేరవేసేవి సుమారు పది లక్షల గాంగ్లియన్ కణాలు. వాటి తంతువులన్నీ కలిసి దృష్టినాడిగా ఏర్పడతాయి. గ్లాకోమా హరించేది ఈ కణాలనే.

వ్యాధి నిర్ధారణకు వైద్యులు కంటిలోని పీడనాన్ని కొలుస్తారు. అది సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరస మట్టంలో ఉంటుంది. అయితే ఈ హద్దులలో ఉన్నవారికీ వ్యాధి రావచ్చు. హద్దు దాటినవారందరికీ రాకపోవచ్చు. దృష్టిక్షేత్ర పరీక్షలో వెలుగుచుక్క కనబడినప్పుడల్లా రోగి మీట నొక్కాలి. అలసట, పరధ్యానం ఆ ఫలితాన్ని తారుమారు చేయగలవు. పైగా గాంగ్లియన్ కణాలలో సుమారు నాలుగవ వంతు నశించిన తరువాతగాని లోపం స్పష్టంగా బయటపడదని పరిశోధకుల అంచనా.

మరి రోగి జవాబుపై ఆధారపడక, కణాలనే ప్రశ్నించడం సాధ్యమా? వెలుగు సోకినప్పుడు కంటిలో విద్యుత్ మార్పు కలుగుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు హోల్మ్‌గ్రెన్ 1865లో కనుగొన్నాడు. ఆ మార్పును నమోదు చేసే పద్ధతియే ఎలక్ట్రోరెటినోగ్రఫీ. కాని మెరుపు వెలుగుకు కలిగే స్పందనలో అధికభాగం ఇతర కణాలది. 1981లో ఇటలీ శాస్త్రజ్ఞులు మాఫెయి, ఫియోరెంటీని పిల్లులపై ప్రయోగాలు చేశారు. దృష్టినాడిని ఖండించి, గాంగ్లియన్ కణాలు క్షీణించిన తరువాత, మారుతున్న చారల నమూనాకు కలిగే స్పందన అంతరించింది; మెరుపు స్పందన మాత్రం నిలిచింది. గాంగ్లియన్ కణాల స్థితిని తెలిపే స్పందన ఏదో దీనితో తేటతెల్లమైంది.

ఈ పరీక్షలో రోగి తెరపై స్థానాలు మార్చుకునే నలుపు తెలుపు గళ్ళను చూస్తూ కూర్చుంటే చాలు. కంటికి తాకించిన సన్నని ఎలక్ట్రోడు కొన్ని మైక్రోవోల్టుల స్పందనను గ్రహిస్తుంది. కణాలు మరణించకముందే, బలహీనపడిన దశలోనే ఈ స్పందన తగ్గవచ్చు. పీడనాన్ని తగ్గించిన తరువాత కొందరిలో అది మెరుగుపడడం కూడా పరిశోధనలలో కనిపించింది. అనగా రక్షింపదగిన కణాలు ఇంకా ఉన్నాయన్నమాట.

అయినా ఈ ఒక్క పరీక్షయే తుదితీర్పు కాదు. శుక్లం, తగని కళ్ళజోడు, నేత్రపటల మధ్యభాగపు వ్యాధులు కూడా స్పందనను తగ్గిస్తాయి. అందువల్ల పీడనం, దృష్టినాడి పరిశీలన, దృష్టిక్షేత్రం, నాడీతంతువుల మందాన్ని కొలిచే ఓసీటీ చిత్రణ, ఇవన్నీ సరిపోల్చినప్పుడే నిర్ధారణ బలపడుతుంది. నలభై ఏళ్ళు దాటినవారు, కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారు బాధ కలిగేదాకా వేచి ఉండరాదు. నేత్రపటలం సాక్ష్యం పలకగలదు. అయితే చూపు ఉన్నప్పుడే దానిని అడగాలి.

ప్రశ్నలు
1. దృష్టిక్షేత్ర పరీక్షకు గల పరిమితులను వివరించండి.
2. 1981 నాటి ప్రయోగం గ్లాకోమా నిర్ధారణకు ఎట్లు తోడ్పడింది?