వడ్డీ చీటీ

పటమటలో అద్దెకుండే ఒక అక్క క్లాసుకు చీటీ తెచ్చింది. అపార్టుమెంటు వాళ్లిచ్చిన చీటీ.

పోయిన నెల మెయింటెనెన్సు: 1000 రూపాయలు.
ఆలస్యానికి వడ్డీ: 240 రూపాయలు.

“ఒక్క నెలకే ఇంత వడ్డీనా!” అంది అక్క.

అందరం లెక్క వేశాం. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అని చీటీలోనే ఉంది. అలాగైతే వెయ్యికి 20 రూపాయలే. మరి 220 ఎక్కడిది? చీటీ కింద చిన్న అక్షరాలున్నాయి. అక్క కూడబలుక్కుని చదివింది: “పాత బాకీ మీద వడ్డీ.”

అక్క ఆ ఇంట్లో దిగి 3 నెలలే అయింది. పాత బాకీ ఆమెది కాదు. 1987 అపార్టుమెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి ఖర్చులు ఫ్లాటు యజమానులు భరించాలి. అద్దెకున్నవాళ్లు అద్దె కాగితంలో ఒప్పుకున్నది ఇస్తారు. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండమ్మా!

అక్క తన చేత్తోనే సంఘానికి ఉత్తరం రాసింది. “1020 రూపాయలు కడతాను. 220 మా ఇంటి ఓనరును అడగండి. వడ్డీ నియమం ఎక్కడుందో చూపించండి. రశీదు ఇవ్వండి.”

తేదీ వేసి సంతకం చేసింది. జిరాక్సు తీయించి ఒకటి దాచుకుంది.