పిల్ల ముభావంగా ఉంటోందా?

"అమ్మాయి ఊరికే విసుక్కుంటోంది వదినా, పుస్తకం పడితే చాలు కళ్లు మూతలు పడుతున్నాయి" అని మీరంటుంటే నాకు కంగారుగా ఉంటుంది. వయసు ప్రభావమనో, ఫోన్ పిచ్చి అనో సరిపెట్టుకోకండి చెల్లెళ్లూ! డిప్రెషన్ ఉన్న పిల్లలు ఏడుస్తూనే కూర్చోరు. చిరాకు పడతారు, కడుపునొప్పి అంటారు, ఆటలు మానేస్తారు.

దీనికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో తిండి సంగతే మనకు తట్టదు. మనసును హుషారుగా ఉంచే సెరటోనిన్, డోపమైన్ మెదడులో తయారవ్వాలంటే ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనతే! రక్తం తక్కువైనా, బి12 తక్కువైనా పిల్ల నీరసించి దిగాలుగా కనిపించవచ్చు. అందుకే ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

ఇక మన ఇళ్లలో పొద్దున్నే జరిగేదేమిటి? బస్సు హారన్ వినబడుతుంటే రెండు బిస్కెట్లు టీలో ముంచుకుని పరుగు. ఆ టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. దాని బదులు రాగిజావ, ఉడికించిన గుడ్డు పెట్టండి. మునగాకు పప్పులో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా వంటబడుతుంది. సాయంత్రం చిప్స్ బదులు నువ్వులుండ ఇవ్వండి. బి12 ఆకుకూరల్లో దొరకదు కాబట్టి గుడ్డు తినని పిల్లలకు పాలు, పెరుగు తప్పనిసరి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకుంటోందో, పారేస్తోందో కూడా కనుక్కోండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. దిగులే ఆకలిని చంపేస్తుంది. తినలేదని తిట్టి, కంచం ముందు ఏడిపించకండి. పక్కన కూర్చుని మీరూ తింటూ, మాట్లాడుతూ ఓ ముద్ద కలిపి పెట్టండి. అలాగని తిండితోనే డిప్రెషన్ నయమైపోతుందనీ అనుకోవద్దు. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే డాక్టరుకు చూపించండి. చచ్చిపోవాలని ఉందని పిల్ల నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో పిల్లకు అందాల్సిన వైద్యం ఆపకండి తల్లీ!